దమ్మంతా ఎక్కడానికే అయిపోతే దిగేదెలా?

ప్రశ్న: నమస్కారమండీ. నాకు 36 ఏళ్లు. కొన్నేళ్లుగా ఎండ్యూరో (కొండదారుల్లో సైకిల్) రేసుల్లో తొక్కుతున్నాను. నేనుండేది సముద్రమట్టానికి దగ్గరగా. నేను తొక్కే ట్రైల్స్ ఏవీ 600 మీటర్లు దాటవు. ఇంకో పది వారాల్లో మొదటిసారి ఎత్తైన కొండల్లో రేసుకి వెళ్తున్నాను. రేసు జరిగే ఊరు 2,000 మీటర్ల ఎత్తులో ఉంది. ఆరు స్టేజీల్లో (సమయం లెక్కపెట్టే దిగుడు భాగాల్లో) రెండు 3,300 మీటర్ల దగ్గర మొదలవుతాయి. గురువారం సాయంత్రం చేరి, శుక్రవారం ప్రాక్టీసు చేసి, శని, ఆదివారాలు రేసు తొక్కాలని నా ప్లాన్. దిగడంలో నాకు దిగులు లేదు, మా విభాగంలో ఎప్పుడూ మొదటి ఐదుగురిలోనే ఉంటాను. ఎక్కడమే రాదు. పైన గాలి పలచగా ఉంటుంది కాబట్టి లైజన్లలో (ఒక స్టేజ్ నుంచి ఇంకోదానికి ఎక్కే దారుల్లో) వెనకబడిపోతానని భయంగా ఉంది. త్వరగా ఎక్కాలంటే ఎలాంటి సాధన చెయ్యాలి? ఒక స్నేహితురాలు ఎత్తుకి వేసుకునే మాత్ర వేసుకోమంటోంది. ఇంకొకరు ట్రైనింగ్ మాస్క్ కొనమంటున్నారు. బైక్‌లో ఏమైనా మార్చాలా? ప్రాక్టీసు రోజున ఆరు స్టేజీలూ తొక్కేయాలా?

సమాధానం: మీ ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఎక్కడం గురించే. నాకు మాత్రం మీరు దిగులు లేదన్న చోటే దిగులుగా ఉంది.

ఎండ్యూరోలో గడియారం నడిచేది దిగేటప్పుడే అని మీకు నేను చెప్పక్కర్లేదు. లైజన్లో చెయ్యాల్సిందల్లా ఇచ్చిన గడువులోపు తర్వాతి స్టేజ్ గేటు దగ్గర ఉండటం. ఇరవై నిమిషాలు ముందు చేరినవాళ్లకి బహుమతేమీ లేదు, ఆలస్యమైతేనే శిక్షగా సమయం కలుపుతారు. మామూలు ఎత్తులో ఈ సూత్రాన్ని కాస్త అటూ ఇటూ చేసినా చెల్లిపోతుంది. గేటు దగ్గర రెండు నిమిషాలు కూర్చుంటే ఊపిరి కుదుటపడుతుంది, చేతులు తేరుకుంటాయి. 3,300 మీటర్ల దగ్గర ఆ రెండు నిమిషాలు చాలవు. గడువు భయంతో గబగబా ఎక్కి, గుండె ఇంకా దడదడలాడుతుండగానే రాళ్లలోకి దిగేవాళ్లు కొండ మీద గుంపులు గుంపులుగా కనిపిస్తారు. అలాంటి వాళ్ల సమయం సాధారణంగా స్టేజ్ మొదటి మూడో వంతులోనే పోతుంది, అదీ కాళ్ల వల్ల కాదు. బ్రేక్ ఒక అర క్షణం ఆలస్యంగా పడుతుంది, చూపు ముందు చక్రం దగ్గరే ఆగిపోతుంది, తెలిసిన లైన్ (చక్రం నడిపించాలనుకున్న దారి) తప్పిపోతుంది.

పైన ఏం జరుగుతుందో ఒకసారి చూద్దాం. గాలిలో ఆక్సిజన్ పాలు ఎక్కడైనా దాదాపు 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. 3,000 మీటర్ల దగ్గర అది సముద్రమట్టంలో ఉండేదానిలో సుమారు 70 శాతం ఉంటుంది, కాబట్టి ఒక్కో ఊపిరితో లోపలికి వెళ్లే ఆక్సిజన్ ఆ మేరకు తగ్గుతుంది. మంచి సాధన ఉన్నవాళ్లలో కూడా గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం ఆ ఎత్తులో 15 నుంచి 20 శాతం పడిపోతుంది. అంటే మీ దగ్గరి కొండ మీద హాయిగా తొక్కే వేగమే అక్కడ గట్టి ప్రయత్నం అవుతుంది. ఇందులో ఒక మెలిక ఉంది. పది సెకన్ల స్ప్రింట్ అక్కడా దాదాపు ఇక్కడున్నంత బలంగానే వస్తుంది, ఎందుకంటే అది కండరంలో ముందే నిల్వ ఉన్న శక్తితో నడుస్తుంది. ఆ నిల్వ మళ్లీ నిండాలంటేనే ఆక్సిజన్ కావాలి. అందుకే ఎత్తు కొత్తవాళ్లని బాగా మోసం చేస్తుంది. మొదటి స్ప్రింట్ అద్భుతంగా ఉంటుంది, రెండోది పరవాలేదనిపిస్తుంది, మూడోదానికి కాళ్లలో ఏమీ ఉండదు, అప్పటికి స్టేజ్ ఇంకా సగం మిగిలి ఉంటుంది.

కాబట్టి స్టేజ్‌లో ఊపిరిని ఎక్కడ ఖర్చు పెట్టాలో ముందే తేల్చుకోండి. గేటు దగ్గర అందరూ చూస్తున్నారని పెడల్ మీద నిలబడి దూకొద్దు. నాలుగైదు మామూలు తొక్కులతో బయల్దేరి, మొదటి మలుపుల్లో వేగం కుదుర్చుకోండి. పెడల్ వెయ్యడానికి ఒకటి రెండు చోట్లు ఎంచుకోండి, ఏ తొక్కు వేస్తే ఆ తర్వాత వచ్చే పొడవాటి చదునంతా వేగం నిలుస్తుందో అక్కడ. మిగిలినదంతా బెర్ముల్లో (మట్టి కట్టలా లేపిన మలుపుల్లో), రోలర్ల (చిన్న మట్టి గుబ్బల) మీద పంప్ చేసి, అంటే పెడల్ వెయ్యకుండా ఒంటితో నొక్కి లేపుతూ, నిలుపుకోవాలి. బ్రేక్ పట్టిన ప్రతిసారీ పోయిన వేగాన్ని తిరిగి తెచ్చుకోవడానికి ఆక్సిజన్ ఖర్చవుతుంది, అక్కడ లేనిదే అది. అందుకే లైన్ బాగా చదివేవాళ్లకి ఎత్తులో ఇంకాస్త లాభం ఎక్కువ. మీరు దిగడంలో గట్టివారే అంటున్నారు కాబట్టి ఇది మీకు అనుకూలమే. పైగా పలచని గాలి ఎదురు తగలడం కూడా తక్కువ. 3,000 మీటర్ల దగ్గర గాలి సాంద్రత సముద్రమట్టం కంటే పావు వంతుకి పైగా తక్కువ. చెట్లు లేని తెరిపి భాగాల్లో మీరు అనుకున్నదానికంటే వేగంగా మలుపు దగ్గరికి చేరతారు, కాబట్టి బ్రేక్ కాస్త ముందుగానే పట్టండి.

ఇక ఊపిరి. రాక్ గార్డెన్ (రాళ్లు పరుచుకుని ఉన్న భాగం) వచ్చిందంటే చాలామంది తెలియకుండానే ఊపిరి బిగబడతారు. కింద అయితే దాటాక రెండు ఊపిర్లతో సరిపోతుంది. పైన ఆ అప్పు స్టేజ్ చివరిదాకా తీరదు, ముంజేతులు రాయిలా బిగుసుకుపోతాయి. వేళ్లు బిగుసుకుంటే బ్రేక్ మీద చెయ్యి మొద్దుబారుతుంది, చెయ్యి మొద్దుబారితే భయంతో ఇంకా ఎక్కువ బ్రేక్ పడుతుంది. దీనికి నేను చెప్పే చిట్కా ఒక్కటే: ఊపిరి పీల్చడం గురించి ఆలోచించకండి, వదలడం గురించి ఆలోచించండి. శబ్దం వచ్చేలా బయటికి ఊదితే లోపలికి పీల్చడం దానంతటదే జరుగుతుంది. ప్రాక్టీసులో ప్రతి స్టేజ్‌లో మూడు నాలుగు చోట్లు గుర్తుపెట్టుకోండి. ఒక పెద్ద బెర్మ్ కావచ్చు, ఒక నున్నటి దారి కావచ్చు, అక్కడికి రాగానే భుజాలు దించి, వేళ్లు సడలించి, గట్టిగా ఊదాలి. లైన్లు గుర్తుపెట్టుకున్నంత శ్రద్ధగా వీటినీ గుర్తుపెట్టుకోవాలి.

ఈ పది వారాల సాధన కూడా అందుకే వేరుగా ఉండాలి. త్వరగా ఎక్కడం కోసం కాదు, అలసటలో బాగా దిగడం కోసం. వారానికి రెండు మూడు సార్లు పొడవాటి, నిదానమైన సవారీలు ఎలాగూ చెయ్యాలి, ఎక్కడంలో దమ్ము వాటితోనే పెరుగుతుంది, దానికి అడ్డదారి లేదు. వారానికి ఒకరోజు మాత్రం ఇలా చెయ్యండి: మూడు నాలుగు నిమిషాలు ఊపిరి ఎగదన్నేంత గట్టిగా ఎక్కి, ఆగకుండా వెంటనే మీకు బాగా తెలిసిన రాళ్ల దారిలోకి దిగండి. బాగా తెలిసిన దారి అని ఎందుకంటున్నానంటే, అక్కడ ఏ తప్పు చేసినా అది అలసట చేసిన తప్పని మీకే తెలిసిపోతుంది. మొదట్లో ఊపిరి బిగబడతారు, లైన్ తప్పుతారు. నాలుగైదు వారాలకి ఆ స్థితిలోనూ దూరంగా చూడటం, ఊదుతూ తొక్కడం అలవాటవుతుంది. మీరున్న చోట ఎత్తు లేదు కాబట్టి ఎత్తుని అనుకరించలేరు, ఎత్తు తెచ్చే అలసటని మాత్రం చాలావరకు అనుకరించవచ్చు.

మాస్క్ కొనొద్దు. అది గాలి లోపలికి రావడాన్ని కష్టం చేస్తుంది తప్ప గాలి ఒత్తిడిని తగ్గించదు. ఊపిరి కండరాలకి కాస్త వ్యాయామం కావచ్చేమో గానీ, ఎత్తులో శరీరం చేసుకునే మార్పులేవీ దానితో రావు. ఫొటోలో మాత్రం బాగా కష్టపడుతున్నట్టు కనిపిస్తారు.

మాత్ర సంగతి ఇంకా ముఖ్యం. మీ స్నేహితురాలు చెప్పింది బహుశా ఎసిటజోలమైడ్ గురించి. ఎత్తు జబ్బు రాకుండా వైద్యులు ఇచ్చే మందే అది, పర్వతారోహకులు చాలామంది వాడతారు. కానీ అది మూత్రం ఎక్కువగా పోయించే మందు, ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నిషేధ జాబితాలో ఆ కోవలోనే ఉంది. పోటీ రోజునే కాదు, ఏ రోజు వాడినా నిషేధమే. డోపింగ్ నియమాలు వర్తించే రేసులో వైద్య కారణంతో ముందస్తు మినహాయింపు లేకుండా వాడితే మీ మీద చర్య తీసుకోవచ్చు. మీ రేసు ఏ సమాఖ్య కింద నడుస్తుందో చూసుకోండి. నియమాలు పక్కన పెట్టినా, దీనివల్ల వేళ్లలో, పెదవుల దగ్గర తిమ్మిరి చాలామందికి వస్తుంది. రెండు వేళ్ల మీద ప్రాణం పెట్టి దిగే ఆటలో ఆ తిమ్మిరి నాకైతే వద్దు. సల్ఫా మందులు పడనివాళ్లు అయితే వైద్యుడిని అడగకుండా అసలు ముట్టుకోకూడదు. 3,300 మీటర్ల లాంటి ఎత్తులో పడుకోబోయేవాళ్లకి, ఇదివరకు ఎత్తు జబ్బు చేసినవాళ్లకి ఆ మందు అవసరం కావచ్చు. మీరు పడుకునేది 2,000 మీటర్ల దగ్గర, పైకి వెళ్లేది పగలు కొన్ని గంటలు. ఈ పద్ధతిలో మీకు జబ్బు ముప్పు తక్కువే, అసలు లేదని మాత్రం కాదు.

మందుకంటే ముందు ఈ వారంలోనే ఫెరిటిన్ పరీక్ష (ఒంట్లో ఇనుము నిల్వలు చూపే రక్త పరీక్ష) చేయించుకోండి. ఎత్తులో శరీరం కొత్త ఎర్ర రక్తకణాలు తయారు చెయ్యాలంటే ఇనుము నిల్వలు ఉండాలి. ఓర్పు క్రీడల్లో ఉన్న స్త్రీలలో ఈ నిల్వలు తక్కువగా ఉండటం మామూలే. తక్కువని తేలితే వైద్యుడు చెప్పినట్టు పూరించుకోవడానికి పది వారాల సమయం ఉంది. పరీక్ష లేకుండా ఇనుము మాత్రలు మింగడం మాత్రం వద్దు, ఎక్కువైనా చేటే.

ఇప్పుడు మీ గురువారం ప్లాన్. పెద్ద ఎత్తుకి వెళ్లేవాళ్లకి పాతకాలం నుంచి రెండు దారులు చెబుతారు: రెండు మూడు వారాల ముందే వెళ్లి అలవాటు పడటం, లేదా ఎత్తు ప్రభావం ముదరకముందే వెళ్లి పోటీ ముగించుకుని దిగిపోవడం. రెండో దారి రోడ్డు రేసులకి పనికొస్తుందేమో గానీ ఎండ్యూరోకి కుదరదు, ప్రాక్టీసు లేకుండా ఎవరూ స్టేజ్ తొక్కరు కదా. మీ ప్లాన్ ఆ రెండింటికీ మధ్యలో చిక్కుకుంది. మొదటి రెండు మూడు రోజుల్లో నిద్ర చెదురుతుంది, రక్తంలోని నీటి భాగం తగ్గుతుంది, చిన్న శ్రమకే గుండె వేగం పెరుగుతుంది. మీరు రేసు తొక్కేది సరిగ్గా ఆ రోజుల్లోనే. ఎర్ర కణాలు గణనీయంగా పెరగడానికి మూడు వారాల వరకూ పడుతుంది, అంత సెలవు దొరకదని నాకూ తెలుసు. కానీ ఊపిరి తీసుకునే తీరు సర్దుకోవడం మొదటి వారంలోనే చాలావరకు జరుగుతుంది. కాబట్టి మూడు నాలుగు రోజులు ముందుకి జరపగలిగితే, అంటే ఆదివారం గానీ సోమవారం గానీ చేరితే, ఈ ఉత్తరంలో నేను చెప్పే మిగతావన్నీ కలిపినంత లాభం. చేరిన మొదటి రోజు ఊళ్లో నడక. రెండో రోజు తేలిక సవారీ. మూడో రోజు లిఫ్టులో (రోప్‌వేలో) గానీ నిదానంగా తొక్కుకుంటూ గానీ పైకి వెళ్లి, గంటో రెండు గంటలో ఉండి, కిందికి వచ్చి పడుకోవడం. వేగం సంగతి ఆ మూడు రోజులూ మర్చిపోండి.

సెలవు దొరక్కపోతే గురువారమే సరి. అప్పుడు శుక్రవారం ప్రాక్టీసుని సగానికి కుదించాలి, దాని సంగతికి వస్తాను.

లైజన్లో వేగం ఎలా పట్టాలో మీరు అడగలేదు, అదే అడగాల్సిన ప్రశ్న. హార్ట్ రేట్ మానిటర్‌ని నమ్ముకోవద్దు, ఎత్తులో అదే శ్రమకి అంకె ఎక్కువ చూపిస్తుంది, గరిష్ఠం మాత్రం కాస్త తగ్గుతుంది. పక్కన తొక్కేవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలుగుతున్నారా లేదా, అదే కొలత. వాక్యం మధ్యలో తెగితే వేగం తగ్గించండి. ఏటవాలు మరీ ఎక్కువైన చోట దిగి బైక్ తోసుకుంటూ నడవండి. పెడల్ మీద కష్టపడేవాళ్ల కంటే నడిచేవాళ్లు అక్కడ పెద్దగా వెనకబడరు, పైకి చేరేసరికి ఊపిరి మిగులుతుంది. నిర్వాహకులు ఇచ్చిన గడువుల పట్టిక ముందే తీసుకుని, ప్రతి లైజన్‌కీ నిమిషాలు లెక్కేసుకోండి. గేటు దగ్గరికి పది పదిహేను నిమిషాల ముందు చేరేలా ఉండాలి. అక్కడికి చేరగానే ఫుల్‌ఫేస్ హెల్మెట్ పెట్టేసుకోవద్దు, మీ వంతుకి రెండు మూడు నిమిషాల ముందు వరకూ మొహానికి గాలి తగలనివ్వండి. జాకెట్ మాత్రం వెంటనే వేసుకోండి. ప్రతి 1,000 మీటర్లకీ సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది, చల్లబడ్డ వేళ్లతో మొదటి మలుపులు చాలా ఘోరంగా ఉంటాయి. ఎండ చూసి మోసపోకండి, అది చర్మాన్ని కాలుస్తుంది గానీ చేతుల్ని వెచ్చబెట్టదు.

గాగుల్స్‌కి ముదురు లెన్స్ వద్దు. చీకటిలో చూసే కంటి కణాలకి ఆక్సిజన్ కొరత చాలా త్వరగా తెలుస్తుంది. ఎండ కొడుతున్న రాతి దారి నుంచి చెట్ల నీడలోకి ఒక్కసారిగా దూరేటప్పుడు వేర్లు కనిపించవు. లేత రంగుది పెట్టుకోండి.

బైక్‌లో మార్చాల్సింది మీరు అనుకున్నంత లేదు. ముందు చైన్‌రింగ్ 32 పళ్లదైతే 30 పెట్టుకోండి, 28 అయినా సిగ్గుపడక్కర్లేదు. స్టేజ్‌లో పై గేర్ కొరత మీకు తెలియదు, లైజన్లో కింది గేర్ లాభం ప్రతి నిమిషం తెలుస్తుంది.

టైర్ల విషయంలో మాత్రం ఒక లెక్క ఉంది. గేజ్ చూపించేది లోపలి ఒత్తిడికీ బయటి ఒత్తిడికీ తేడాని. ఇంటి దగ్గర 25 పీఎస్ఐ పెట్టి అలాగే 3,000 మీటర్లకి తీసుకెళ్తే, ఉష్ణోగ్రత మారకపోతే గేజ్ దాదాపు 29 చూపిస్తుంది. ఎండ్యూరోలో అర పీఎస్ఐ గురించి వాదించుకునేవాళ్లం, నాలుగంటే టైర్ రాళ్ల మీద బంతిలా ఎగురుతుంది. అయితే ఊళ్లో ఉదయం సరిచేసుకుని పైకి వెళ్తే ఈ గొడవ ఉండదు. ఆ 1,300 మీటర్ల ఎక్కుడులో గాలి పలచబడి పెరిగే ఒత్తిడినీ, చలికి తగ్గే ఒత్తిడినీ కలిపితే తేడా ఒక పీఎస్ఐ లోపే. కాబట్టి ఊళ్లో మీ సొంత గేజ్‌తో పెట్టుకుని కొండ మీద కదపకండి. ఫోర్క్, షాక్‌లకీ (ముందు, వెనక సస్పెన్షన్‌కీ) ఇదే మాట, సాగ్ (మీరు ఎక్కినప్పుడు అవి కుంగే మేర) అక్కడే మళ్లీ కొలవండి.

ఫోర్క్‌లో ఇంకో చోటు ఉంది, చాలామంది మర్చిపోతారు. ఎయిర్ స్ప్రింగ్ కాదు, కింది కాళ్లలో సీళ్ల వెనక చిక్కుకుపోయిన గాలి. కింద బిగించిన ఫోర్క్‌ని పైకి తెస్తే ఆ గాలి బయటికి నెడుతుంది, చిన్న చిన్న రాళ్లకి ఫోర్క్ మొరటుగా స్పందిస్తుంది. కొత్త ఫోర్కుల్లో కొన్నిటికి వెనక వైపు చిన్న బటన్లు ఉంటాయి, స్టేజ్ ముందు ఒకసారి నొక్కితే బుస్సుమని పోతుంది. మీదానికి లేకపోతే ఊళ్లోనే మెకానిక్ చేత సీళ్ల దగ్గర గాలి వదిలించుకోండి. పైన చలికి ఫోర్క్ లోపలి డ్యాంపర్ ఆయిల్ చిక్కబడి రీబౌండ్ (కుంగిన ఫోర్క్ తిరిగి లేచే వేగం) నెమ్మదించినట్టు అనిపిస్తుంది, అవసరమైతే ఒక క్లిక్ వేగం పెంచండి, అంతకుమించి వద్దు.

బ్రేకులకి మెటాలిక్ ప్యాడ్లు వేసి, ఇంటి దగ్గరే పదే పదే బ్రేక్ పట్టి, రోటర్‌కి (బ్రేక్ డిస్క్‌కి) బాగా కుదిరాక తీసుకెళ్లండి. మీ దగ్గరి దిగుడు కంటే అక్కడివి చాలా పొడవు, పలచని గాలి రోటర్‌ని అంత బాగా చల్లార్చదు. 180 మి.మీ. రోటర్లైతే 200కి మారడం మంచిది. ఎంత పొడవో తెలియాలంటే ఫ్రాన్స్‌లోని ఆల్ప్ ద్యుయెజ్‌లో ఏటా జరిగే మెగావలాంష్ రేసు సంగతి చూడండి, 3,300 మీటర్ల దగ్గర మొదలై 2,500 మీటర్లకి పైగా దిగుతుంది. అది ఎండ్యూరో కాదు, అందరూ ఒకేసారి బయల్దేరే రేసు. అయినా ఎత్తు నుంచి దిగడం ముంజేతులకీ బ్రేకులకీ ఏం చేస్తుందో అక్కడ బాగా తెలుస్తుంది.

తిండి, నీళ్ల గురించి కొద్దిగానే చెబుతాను. పొడిగాలిలో గట్టిగా ఊపిరి తీస్తే నీళ్లు తెలియకుండా పోతాయి, దాహం వేసేదాకా ఆగొద్దు, అలాగని లీటర్లకి లీటర్లు తాగేయొద్దు. ఆకలి చచ్చిపోతుంది. ఆకలి లేకపోయినా ప్రతి లైజన్లో కొంచెం కొంచెం పిండి పదార్థం కడుపులో పడాలి. రాత్రి నిద్ర పట్టకపోతే నిద్రమాత్ర జోలికి, మద్యం జోలికి వెళ్లకండి. మెలకువ వచ్చి ఊపిరి ఆగి ఆగి వస్తున్నట్టు అనిపించడం ఎత్తులో మామూలే.

తలనొప్పి విషయంలో మాత్రం కఠినంగా ఉండండి. 2,500 మీటర్లు దాటాక కొన్ని గంటలకి తలనొప్పి, దానితో వికారం, నీరసం, తల తిరగడం లాంటివేవైనా వస్తే అది ఎత్తు జబ్బే అనుకుని ఇంకా పైకి వెళ్లడం ఆపాలి. నడక తూలినా, మాట తికమకపడినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా వెంటనే కిందికి దిగాలి, వైద్య సాయం తీసుకోవాలి. మన ఆటలో ఇంకో చిక్కుంది: కింద పడి తలకి దెబ్బ తగిలినా ఇవే లక్షణాలు. తలనొప్పి, వికారం, మసక. పడ్డాక ఇవి కనిపిస్తే ‘ఎత్తు వల్లేలే’ అని మీకు మీరు సర్దిచెప్పుకోవద్దు. తేల్చాల్సింది వైద్యుడు. అప్పటిదాకా తల దెబ్బే అనుకోవాలి, ఆ రోజుకి రేసు అయిపోయినట్టే. నొప్పి మాత్ర వేసుకుని గేటు దగ్గరికి వెళ్లడం అన్నిటికంటే చెడ్డ పని.

చివరిగా ప్రాక్టీసు. మీరు గురువారమే చేరితే ఆరూ తొక్కొద్దు. 3,300 దగ్గర మొదలయ్యే రెండు స్టేజీల్లో ఒకటి, అదీ లిఫ్ట్ ఉంటే లిఫ్టులో వెళ్లి, ఒక్కసారి, ఆగుతూ చూసుకుంటూ దిగండి. రెండోదాని పై భాగం చూస్తే చాలు. కింది నాలుగింటిలో ఎక్కువ రాళ్లున్న ఒకదాన్ని తొక్కండి, మిగిలినవాటిని హెల్మెట్ కెమెరా వీడియోల్లో చూసి, కష్టమైన చోట్లకి వీలైతే నడిచి వెళ్లండి. ముందే చేరగలిగితే ఈ పనిని నిర్వాహకులు అనుమతించిన రోజుల్లో పంచుకోవచ్చు, కొన్ని రేసుల్లో ప్రాక్టీసు రోజుకి ముందు ఆ దారుల్లో తొక్కితే అనర్హులని ప్రకటిస్తారు, నియమాలు చదువుకోండి. ఎలా చూసినా శుక్రవారం మధ్యాహ్నం రెండింటికల్లా ఊళ్లో ఉండండి. ఎత్తైన కొండల్లో ఉరుములు, మెరుపులు ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే వస్తాయి, చెట్లు లేని గట్టు మీద బైక్ పట్టుకుని నిలబడటానికి అది మంచి సమయం కాదు.